మోకాళ్ల ప్రార్థన

మా యేసు గుడి వెనుక సమాధుల దొడ్డిలో ఆమెకు ఒక నాపరాయి నిలబెట్టాలని సంఘపెద్దలు తీర్మానించారు. రాయి మాచర్ల నుంచి బండి మీద వచ్చి గుడి గోడకు ఆనుకొని ఉంది. దాని మీద చెక్కించవలసిన మాట రాసి ఇమ్మని నన్ను అడిగారు. మా ఇంట్లో కాలేజీ పట్టా పుచ్చుకున్న మొదటి మనిషిని నేను. మా పల్లెలో కూడా నేనే. అందుచేత అర్జీలు, పెళ్లి శుభలేఖలు, ఇటువంటి రాతలు అన్నీ నా వద్దకు వస్తవి.

"పెద్దగా ఆలోచించే పనిలేదమ్మాయ్. పైన 'ప్రార్థనాపరురాలు' అని పెట్టు. కింద ఒక మంచి మాట రాయి. ఆదివారానికి ఇస్తే చాలు" అన్నాడు సంఘపెద్ద.

ఆ మొదటి మాటే నాకు రాయబుద్ధి కాలేదు. ఎందుకు కాలేదో చెప్పాలంటే ఆమె ఎటువంటి మనిషో చెప్పాలి. పేరు ఇక్కడ రాయను. ఆమె బతికినంతకాలం దాచుకున్న సంగతిని నేను బయట పెడుతున్నాను గనుక పేరైనా దాచడం న్యాయం. నేను ఆమెను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. రక్తసంబంధం లేదు. మా గోడకు అవతల వాళ్ల గోడ, అంతే.

మా గుడిలో బల్లలు లేవు. ఈతచాపలు పరచుకొని ఒక పక్క ఆడవాళ్లం, ఒక పక్క మగవాళ్లు కూర్చునేవాళ్లం. ప్రార్థన వేళ అందరూ మోకాళ్లూని తల వంచేవాళ్లు. పెద్దమ్మ పద్ధతి వేరు. మోకాళ్లు ఎడంగా ఊని, మోచేతులు నేలకు ఆనించి, నుదురు చాప మీద పెట్టి, నడుమును మాత్రం పైకి లేపి ఉంచేది. పాస్టరు అయ్యగారు ఆమెన్ అన్నా ఆమె లేచేది కాదు. పాట మొదలై ముగిసినా లేచేది కాదు. ఆమె వెనుక కూర్చున్న పిల్లలం ఆ కాలివేళ్లు చాప అల్లికలో దూరి గట్టిగా పట్టుకొని ఉండడం చూసేవాళ్లం. పాదాల మడమలు బీటలు వారి ఎండాకాలపు రేగడి చేనులాగా ఉండేవి.

అయ్యగారు ఒకసారి ప్రసంగం మధ్యలో ఆగి ఆమె వైపు చెయ్యి చూపి, "మీ ప్రార్థనలు నాలిక చివర ఉంటయ్. ఆ తల్లి ప్రార్థన నేలకు ఆనుద్ది. చూసి నేర్చుకోండి" అన్నారు. నాటి నుంచి పల్లెలో ఆమెకు ఒక పదవి వచ్చినట్టయింది. బిడ్డకు జ్వరం తగిలినా, ఎద్దు మేత మానినా, కోర్టులో వాయిదా ఉన్నా ఆమె గుమ్మం ముందుకు వచ్చేవాళ్లు. ఆమె కాదనేది కాదు. వాకిట్లోనే చాప వేసుకొని ఆ విధంగానే వంగేది.

మెట్రిక్ పరీక్షకు ముందు మా అమ్మ నన్ను కూడా తీసుకుపోయింది. పెద్దమ్మ నా తల మీద చెయ్యి పెట్టి, "ప్రభువా, దీని తలకాయ మీదికి చదువు ఎక్కించు. తట్ట ఎక్కించమాక" అంది. అంత పొట్టి ప్రార్థన నేను ఇంతవరకు మరి వినలేదు. ఆ తట్ట అనే మాటలో ఆమె జీవితం అంతా ఉందని నాకు అప్పుడు తెలియదు.

మరికొన్ని అలవాట్లు ఉండేవి. నవ్వు వస్తుందని తెలిస్తే ఆమె ముందు కూర్చునేది. మా ఎదురింటి అత్త పల్లెలోకెల్లా నోరుగల మనిషి. ఎవరినైనా అనుకరించి మాట్లాడితే గొడ్లు కూడా నవ్వుతాయని పేరు. ఆమె మొదలుపెట్టగానే పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టి, "ఉండొదినా, కూకోనీ. కూకున్నాక చెప్పు" అనేది. కూర్చొని, మోకాళ్లు దగ్గరకు ముడుచుకొని, పైట చెంగు నోట్లో కుక్కుకొని, అప్పుడు నవ్వేది. "నవ్వేదానికి గూడా పీట కావాల్నా నీకు" అనేది అత్త.

దిగుడుబావి నుంచి నీళ్లు తెచ్చేటప్పుడు పల్లెలో ఆడవాళ్లందరూ కడవ మీద తాటాకు మూతో, వేపమండో వేసుకునేవాళ్లు. పెద్దమ్మ కడవకు మూత ఉండేది కాదు. మెడ దాకా కాదు, అంచు దాకా నింపి చంకనెత్తుకునేది. అడుగడుగుకూ నీళ్లు తొణికి నడుము నుంచి చీర అంచు వరకు తడిసిపోయేది. పొద్దున తడే, మాపున తడే.

"ఏమే, నీళ్లు ఇంటికి తెస్తన్నావా, చీరెకు తాపుతన్నావా" అని అత్త అరుగు మీద నుంచి కేకవేసేది.

"చీరెకు గూడా దాహమైద్ది గదొదినా" అని ఆమె నవ్వకుండా జవాబు చెప్పి పోయేది.

మిరపకాయల కల్లంలో ఆమె ఎప్పుడూ గాలివాటుకు ఎదురుగా, అందరికీ దూరంగా కూర్చునేది. ఎండిన కాయలు రాసి పోసి తాలు ఏరేటప్పుడు లేచే ఘాటుకు ఎంత అలవాటు పడ్డవాళ్లకైనా తుమ్ములు, దగ్గు తప్పవు. ఆమెకు తుమ్ము వచ్చిందంటే చేతిలో కాయలు కింద పడేసి, రెండు కాళ్లు కత్తెరలాగా మెలివేసి, పందిరి గుంజ పట్టుకొని కళ్లు మూసుకునేది. "కాయలు ఏరమ్మా అంటే గుంజకు మొక్కుతావేంది" అని కల్లం మీది గుమాస్తా అనేవాడు. తుమ్ము దాటిపోయాక ఆమె ముఖంలో భయం మిగిలి ఉండేది. మిరప ఘాటుకు మనిషి కళ్లలో నీళ్లు రావడం మాకు తెలుసు. భయం ఎందుకు వస్తుందో తెలియదు.

"ఒక్క గడియ నడుం వాలిస్తే సర్దుకుంటది." ఇది ఆమె ఊతపదం. ఏమిటి సర్దుకునేది అని ఎవరూ అడగలేదు. పని చేసుకునే ఆడవాళ్లందరూ అనే మాటే గదా. పైగా ఆమె నడుము వాల్చగా చూసినవాళ్లూ లేరు.

నేను గుంటూరులో బి.ఎస్సీ. చదువుతున్న రోజుల్లో వేసవి సెలవులకు వచ్చి మధ్యాహ్నం పూట గుడిలో కూర్చొని చదువుకునేదాన్ని. ఇంట్లో సందడి. గుడిలో చల్లగా ఉండేది. ఒకరోజు తలుపు ఓరగా వేసి ఉంది. తోసుకొని లోపలికి పోతే పెద్దమ్మ ఒక్కతే, గోడ పక్కన, ఆ విధంగానే వంగి ఉంది. ప్రార్థన మాటలు లేవు. పళ్ల మధ్య నుంచి ఒక సన్నని మూలుగు వస్తున్నది. ఒక చెయ్యి నుదుటి కింద ఉంది. రెండో చెయ్యి చీరలోపల ఉంది.

"ఎవురది?"

"నేను పెద్దమ్మా."

"తలుపు దగ్గరికెయ్. వేసి అటు తిరుగు."

నేను తలుపు వేసి గోడ వైపు తిరిగాను. కొంతసేపటికి ఆమె లేచి కూర్చున్న చప్పుడు వినిపించింది. ముఖం మీద చాప అల్లిక అచ్చు పడి ఉంది. చెమట అందులో నిలిచి ఉంది.

"పంతులమ్మ చదువేనా నువ్వు చదివేది, మందుల చదువా?" అని అడిగింది.

"జీవశాస్త్రం పెద్దమ్మా. జంతువుల లోపల ఏమేమి ఉంటవో చెబుతారు."

"ఆడమనిషి లోపల గూడా చెప్తారా?"

"కొంత చెబుతారు."

ఆమె పైట చెంగుతో ముఖం తుడుచుకుంది. "నాకు అడుగు జారిందమ్మాయ్" అంది.

అంతవరకు ఎవరితోనూ అనని మాట గనుక, అన్న తరువాత ఆగలేకపోయింది. చిన్నకొడుకు పుట్టినప్పుడు నొప్పులు ముదరకముందే ముక్కమని తొందరపెట్టారట. కాన్పయిన వెంటనే పొట్టకు గుడ్డ చుట్టి, ఇద్దరు ముసలమ్మలు చెరొక కొస పట్టుకొని బిగలాగారట. బాలెంత పొట్ట అణగాలని అది మా వైపు ఆచారం.

"పైనుంచి అంత బిగిస్తే లోపలున్నది యాడికి పోద్ది? కిందికే పోద్ది. పురిటి తడి ఆరకముందే మీ పెదనాయన కాలవ పనికి తీసకపోయాడు. కట్ట మీదికి మట్టి తట్టలు. ఎత్తినప్పుడల్లా కొంచెం కొంచెం దిగింది. మొదట నిమ్మకాయంత ఉండేది. తుడుచుకునేటప్పుడు చేతికి తగిలి, ఏందో గడ్డనుకున్నా. ఇప్పుడు చేతికి నిండుద్ది. నడిస్తే ఒరుసుకుంటది. తుమ్మితే, దగ్గితే, నవ్వితే, ఉచ్చ ఆగదు. అందుకే కడవకు మూత పెట్టను. తడి చూస్తే నీళ్లనుకుంటారు గదా."

నేను పుస్తకం పక్కన పెట్టి ఆమె దగ్గరికి జరిగాను.

"ఇట్టా వంగి నడుం పైకెత్తితే దానంతటది లోపలికి పోద్ది. కాసేపు మనిషినైతా. నా ప్రార్థన అంతే. ఆయన ముందు తలకాయ దించా, తక్కినదంతా ఎత్తా. పైనుంచి చూసి ఏమనుకుంటన్నాడో." ఆ మాటకు తనకే నవ్వు వచ్చింది. వెంటనే పెదవి కొరుక్కొని, "నవ్వకూడదు. నవ్వితే మళ్లీ మొదటికొస్తది" అంది.

"పల్లెలో వాళ్లు బిడ్డల్ని తెచ్చి కాళ్ల కాడ పడుకోబెడతారు. తగ్గిందని చెప్తే నాకు భయమేస్తది అమ్మాయ్. దొంగ ప్రార్థనకి తగ్గటమేందని. తగ్గకపోతే ఇంకా భయం. నా దొంగతనం వల్లే తగ్గలేదేమోనని. దేవుడు దీన్ని నాకు అంటగట్టింది ఇందుకేనేమో."

"ముందు జబ్బు వచ్చింది, తరువాత గదా ఈ ప్రార్థన. శిక్ష ముందు వస్తుందా పెద్దమ్మా?"

"ఆయనకి ముందూ ఎనకా ఉండదంటారు గదా."

పెదనాయనకు తెలుసా అని అడిగాను. ఆమె గొంతు తగ్గించింది. "మొదట్లో దగ్గరికి రానియ్యట్లేదని చెయ్యెత్తేవాడు. అయ్యగారు గుళ్లో ఆ మాట అన్నప్పటి నుంచి చాప దూరంగా వేసుకుంటన్నాడు. ప్రార్థన చేసుకునే మనిషి జోలికి పోతే పాపమని. నాకు ఆ ఒక్కటి కలిసొచ్చింది. ఇది తెలిసిందనుకో, ఆ చాటు గూడా పోద్ది. రోతపడి ఇంకోదాన్ని తెస్తాడు. ఎవురికీ చెప్పమాక. నీ పుస్తకంలో దీనికి మందుంటే చెప్పు."

ఎవరికీ చెప్పనని మాట ఇచ్చాను. నా పుస్తకంలో కప్ప ఉంది, వానపాము ఉంది. నిలువుగా నిలబడి మట్టి మోసే ఆడమనిషి లేదు.

సెలవుల తరువాత కాలేజీకి పోతూ దారిలో పట్టణంలోని మిషన్ ఆసుపత్రిలో దిగి లేడీడాక్టరును కలిశాను. పెళ్లికాని పిల్ల వచ్చి ఇటువంటి సంగతి అడిగేసరికి ఆమె మొదట లేచి తలుపు వేసింది. పక్కింటి పెద్దమ్మ కోసమని నమ్మించడానికి కొంతసేపు పట్టింది. తరువాత ఆమె రెండు చేతుల వేళ్లు ఒకదానిలో ఒకటి దూర్చి, అరచేతులు పైకి ఉండేటట్టు దొప్పలాగా పట్టి చూపించింది.

"తుంటి ఎముకలు అడుగులేని గిన్నె అనుకోండి. ఆ గిన్నెకు అడుగు ఈ కండరాలు. మూత్రాశయం, గర్భసంచి, మలాశయం, ఈ మూడూ దీని మీదనే కూర్చుంటాయి. మనిషి నిలబడినంతసేపూ పై బరువంతా మోసేది ఇదే. కాన్పులో ఇది సాగుతుంది. విశ్రాంతి ఇస్తే చాలావరకు మళ్లీ బిగుసుకుంటుంది. ఇవ్వకుండా బరువులెత్తిస్తే ఇంకా సాగుతుంది. దగ్గినా, ముక్కినా, కడవ ఎత్తినా దెబ్బ దీని మీదే." ఆమె వేళ్లు సడలించింది. అరచేతులు విడిపోయినవి.

పెద్దమ్మ ప్రార్థన సంగతి చెప్పాను. డాక్టరు నవ్వలేదు. "గేదెకూ మేకకూ ఆ బరువు పొట్ట మోస్తుంది. రెండు కాళ్ల మీద నిలబడ్డాం గనుక మనకీ తిప్పలు. ఆమె వంగి నాలుగు కాళ్ల మీదికి పోతున్నది. మేము ఇక్కడ చెప్పేదీ అదే. కానీ లేచి మళ్లీ నిండు కడవ ఎత్తితే లాభమేముంది?"

అప్పుడు నాకు ఆ కడవ సంగతి పూర్తిగా అర్థమైంది. తడిని దాచడానికి ఆమె రోజూ ఏ బరువు ఎత్తుతున్నదో, ఆ బరువే ఆమె అడుగును ఇంకా కిందికి తోస్తున్నది. ఆమె ఎంత శ్రద్ధగా దాచితే జబ్బు అంత పెరుగుతున్నది.

మొదట్లోనే వచ్చి ఉంటే, మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాన్ని రోజూ బిగించి వదలడం నేర్పేదాన్ననీ, గర్భసంచి ఇంతగా జారిన తరువాత లోపల ఒక రబ్బరు కడియం అమర్చాలనీ, కుదిరితే ఆపరేషను చేయవచ్చుననీ డాక్టరు చెప్పింది. "తీసుకురండి. అడ్డగించేది సిగ్గు ఒక్కటే అయితే, ఇది సిగ్గుపడవలసిన జబ్బు కాదని నా మాటగా చెప్పండి. బరువు మోసిన జబ్బు."

దసరా సెలవులకు వచ్చి పెద్దమ్మకు చెప్పాను. గిన్నె, అడుగు, కండరం అనే మాటలు ఆమెకు పట్టలేదు. వాకిట్లో నులకమంచం ఉంది. దానిని చూపి, "ఇదిగో ఇట్లాంటి అల్లికే పెద్దమ్మా. పడుకోగా పడుకోగా కుంగింది. కాళ్ల వైపు తాడు లాగి బిగిస్తే మళ్లీ నిలబడుతుంది. ఆపరేషనంటే ఆ తాడు బిగించడమే. ఆ తరువాత కొన్ని నెలలు బరువు ఎత్తకూడదు" అన్నాను.

ఆమె మంచం వైపు, నా వైపు చూసింది. "మంచం బిగించాలంటే ముందు దాని మీద పడుకున్నోళ్లు లేవాల గదమ్మాయ్. నా మీంచి ఎవురు లేస్తారు?"

అయినా బతిమాలాను. నీళ్లు మా అమ్మ మోస్తుందన్నాను. కూలి పోతే పోతుందన్నాను. చివరకు, "కోసేటప్పుడు మగోళ్లుండరు గదా" అని అడిగింది. ఉండరన్నాను. వస్తానంది.

బయలుదేరిన రోజున ఆమె ఉతికిన చీర కట్టుకొని, ఒడిలో పాతగుడ్డలు మడిచి పెట్టుకొని వచ్చింది. ముఖంలో ఒక విధమైన కళ ఉంది. ఆ ముఖం నేను మరచిపోలేను. బస్సు ఎక్కేసరికి ఎదురింటి అత్త మనవడిని చంకలో వేసుకొని అందులోనే ఉంది. వాడికి చెవిలో చీము.

"యాడికే ఇద్దరూ?" అంది అత్త.

"అమ్మాయికి తోడు" అంది పెద్దమ్మ.

"చదువుకు పోయేదానికి గూడా ప్రార్థన తోడు కావాల్నా? నడువు, నా మనవడికి గూడా ఒక ప్రార్థన చేద్దువుగాని. డాక్టరు మీద నాకు నమ్మకం లేదు."

బస్సులో పెద్దమ్మ కూర్చోలేదు. కమ్మీ పట్టుకొని నిలబడింది. గుంటల దారిలో బస్సు ఎగిరినప్పుడల్లా ఆమె కళ్లు మూసుకునేది. పక్కవాళ్లు ప్రార్థన చేసుకుంటున్నదని అనుకున్నారు.

ఆసుపత్రిలో చీటీ రాసే కిటికీ ముందు ఆడవాళ్లు బారులు తీరి ఉన్నారు. సగం మంది మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. అత్త మా వెనుకనే ఉంది. ఎవరో పెద్దమ్మను గుర్తుపట్టి, "ఆ ప్రార్థన చేసే తల్లి గదా" అన్నారు. ఇద్దరు ముందుకు వచ్చి ఆమె కాళ్లకు దండం పెట్టబోయారు. ఒకామె తన పసిబిడ్డను ఎత్తి, "చెయ్యి పెట్టమ్మా దీనికి" అంది. పెద్దమ్మ చెయ్యి పెట్టింది.

మా వంతు వచ్చింది. కిటికీలో నుంచి గుమాస్తా తల ఎత్తకుండానే, అందరికీ వినపడేటట్టు, "ఏం జబ్బు?" అన్నాడు.

నేను నోరు తెరిచాను. పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది. తట్టలు ఎత్తిన చెయ్యి. నా గాజు ఒకటి చిట్లింది.

"దగ్గు" అంది ఆమె.

గుమాస్తా రాసుకున్నాడు. దగ్గువాళ్లను చూసే గది వేరు. అక్కడ ఉన్నది మగ డాక్టరు. ఆయన వీపు మీద గొట్టం పెట్టి చూసి, దగ్గమన్నాడు. దగ్గమన్నప్పుడు ఆమె నా వైపు చూసిన చూపు ఏమని చెప్పను. దగ్గింది. నేల మీద చుక్కలు పడ్డవి. ఆమె పైట చెంగుతో నేల తుడిచి, "చెమటయ్యా" అంది. ఆయన మందు రాశాడు. లేడీడాక్టరు గది ఆ వరండాలోనే, రెండు తలుపుల అవతల ఉంది. ఆ తలుపు దాకా ఆమెను లాక్కుపోవాలని చూశాను. వరండా చివర మనవడితో కూర్చున్న అత్త మా వైపే చూస్తున్నది. ఆమె గోడకు ఆనుకొని, "ఇయాళ వద్దమ్మా. వాళ్లంతా చూస్తన్నారు. కల్లాలు అయిపోనీ. అప్పుడు మనిద్దరమే వద్దాం. అప్పుడు చెప్తా, దగ్గు కాదని" అంది. చేతులు జోడించింది. అంతమంది దండం పెట్టిన మనిషి నాకు దండం పెడుతున్నది.

మరునాడు, మందు ఎట్లా ఉందని అత్త అరుగు మీద నుంచి అడిగితే, "తియ్యగుంది. పిల్లలకు పోశా" అంది.

కల్లాలు అయిపోలేదు. సంక్రాంతి దాటి, మిరపకాయలు రాసుల మీద ఉండగానే ఆమెకు మూత్రం బిగించింది. జారినది లోపలికి పోవడం మానేసిందట. గుడిలో పొద్దస్తమానం వంగి ఉన్నదట. ఏదో గొప్ప మొక్కు ఉందనుకొని ఎవరూ కదిలించలేదట. పల్లెలోని పసిపిల్లల తల్లులు వచ్చి పక్కన మోకాళ్లూని తమ ప్రార్థనలు కూడా కలిపారట. తరువాత చలిజ్వరం, ఆ తరువాత మాట పడిపోవడం. కబురు అంది నేను గుంటూరు నుంచి వచ్చేసరికి ఆమె శవాన్ని తలుపు వేసి లోపల కడుగుతున్నారు. కడిగినవాళ్లు మా అమ్మ, ఎదురింటి అత్త.

తలుపు తెరిచాక మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వచ్చి నా పక్కన నిలబడింది. "బంతి అంత గుడ్డ ఉండ చుట్టిందమ్మా. మొలతాడుకు కట్టి కిందనుంచి ఆపుకుంది. ఎట్టా నడిచిందో, ఎట్టా మోసిందో" అంది. అత్త నోరు మూసుకొని ఉండగా నేను చూడడం అదే మొదలు. ఆమె చేతిలో కడిగిన చెంబు అట్లాగే ఉంది.

సమాధి దగ్గర అయ్యగారు, మోకాళ్ల మీద బతికిన తల్లి అని చెప్పారు. అందరూ ఏడ్చారు. పెదనాయన కూడా ఏడ్చాడు. ఆయన ఏడుపు అబద్ధమని నేను అనను.

పరీక్షలు ముగిసి, పట్టా వచ్చి, నేను ఊరికి తిరిగి వచ్చిన తరువాత ఈ రాయి సంగతి వచ్చింది. ఆదివారం ఆరాధన ముగిశాక సంఘపెద్ద లేచి, అమ్మాయి రాసినది చదువుతుంది, అందరూ వినండి అన్నాడు. నేను కాగితం విప్పి చదివాను. ఒకటే పంక్తి.

"ఈ తల్లి ఇక్కడ నడుము వాల్చినది."

సంఘపెద్ద చేతులు కట్టుకొని, "ఇదేందమ్మాయ్? వాక్యం గాదు, పాట గాదు. ప్రార్థన అనే మాట ఏది? అంత గొప్ప మనిషికి, పొలం పనికి పోయొచ్చిన మనిషికి రాసినట్టు రాశావేంది? చదువుకున్నదానివి" అన్నాడు. అయ్యగారు కూడా తల ఊపారు. కారణం చెప్పమన్నారు. ఆమెకు నేను ఇచ్చిన మాట ఉంది. నేను కాగితం సంఘపెద్ద వైపు చాపాను.

"అట్నే కొట్టించండి."

ఆడవాళ్ల వైపు వెనుక నుంచి వచ్చింది ఆ మాట. అందరూ తిరిగి చూశారు. ఎదురింటి అత్త. అందరూ చాపల మీద కూర్చొని ఉండగా ఆమె ఒక్కతే గోడకు ఆనుకొని నిలబడి ఉంది.

"నీకేం తెలుసని మధ్యలో?" అన్నాడు సంఘపెద్ద.

"కడిగినదాన్ని నేను. నాకు తెలుసు."

ఆమె గొంతులో వెటకారం లేదు. దాని వెనుక ఇంకేమి ఉందోనని భయపడి కాబోలు, ఎవరూ మళ్లీ అడగలేదు. సంఘపెద్ద నా చేతిలోని కాగితం తీసుకొని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

జనం పోయిన తరువాత నేను బావి దారిన ఇంటికి వస్తున్నాను. అత్త కడవ చంకనెత్తుకొని ఎదురు వచ్చింది. అంచు దాకా నీళ్లు. మూత లేదు. ఎప్పటి నుంచి లేదో నేను గమనించలేదు. నడుము దగ్గర నుంచి కుచ్చెళ్ల దాకా చీర తడిసి ఉంది.

ఆమె నన్ను దాటిపోయి, మళ్లీ ఆగింది. వెనక్కి తిరగకుండానే అడిగింది.

"ఆ డాక్టరమ్మ ఇంకా ఆడనే ఉందా అమ్మాయ్?"

"ఉంది అత్తా."

"దగ్గని చెప్తే ఆమె గదిలోకి పంపరా?"

"పంపరు అత్తా. తియ్యటి మందు ఇస్తారు."

దారిలో ఇంకా ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కడవలతో వస్తున్నారు. అత్త వాళ్లను చూసింది. వాళ్లు దగ్గరకు వచ్చేదాకా ఆగింది. తరువాత, పల్లెలో ఎవరిని వెక్కిరించినా వాడే ఆ గొంతుతోనే, అందరికీ వినపడేటట్టు అంది.

"నాది దగ్గు కాదు."

కడవ చంకలో నుంచి దించి, వంచి, సగం నీళ్లు దారిలో పారబోసింది. మిగిలిన సగం కడవను ఎత్తుకొని ఇంటి వైపు నడిచింది.